తాగనివాడి లివరు

తాగి తాగి పోయినవాళ్ళను మా వైపు చాలామందిని చూశాను. ఒక్క చుక్క నోట్లో పోసుకోకుండా తాగుబోతన్న పేరు మోసుకుని పోయినవాడు మాత్రం మా బావ ఒక్కడే. ముద్దుకృష్ణ అని అడిగితే పుంగనూరులో ఎవరూ చెప్పలేరు. తవుడంగడి ముద్దన్న అంటే సోమల నుంచి వచ్చిన పాడిరైతు కూడా దారి చూపిస్తాడు. మా అక్క శ్యామలమ్మ భర్త ఆయన. ఇప్పటికీ ఆయన మాట వస్తే కొందరు గొంతు తగ్గించి, బొటనవేలు నోటి దగ్గరికి తీసుకెళ్ళి గ్లాసు ఎత్తినట్టు చూపిస్తారు. ఆ వేలు చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. పట్టుకుని విరిచేయాలనిపిస్తుంది. విరవలేను కాబట్టి ఇట్లా చెప్పుకుంటున్నాను.

1990లో మా అక్కను ఇచ్చినప్పుడు ఆయన సన్నగా, నిటారుగా ఉండేవాడు. పెళ్ళి ఫొటోలో చొక్కా కాలరు మెడకు వదులుగా ఉంటుంది. వేరుశెనగ చెక్క, తవుడు, గోధుమ బూసా, పశువుల దాణా ఏ బస్తా వచ్చినా లారీ నుంచి తనే వీపున వేసుకుని దించేవాడు. వాళ్ళన్న గోపాలస్వామి గల్లాపెట్టె దగ్గర కూర్చునేవాడు. కొన్నేళ్ళకు గోపాలస్వామి వేరే వీధిలో బియ్యం మండీ పెట్టుకుని తవుడంగడిని తమ్ముడికి అప్పజెప్పాడు. బస్తాలకు హమాలీలు వచ్చారు. మా బావ గల్లా దగ్గరికి జరిగాడు. అంతే, ఇక అక్కడి నుంచి లేవలేదు.

గల్లా దగ్గర కూర్చున్నవాడికి తినడం తప్ప ఏం పని? పొద్దున ఇంటి దోసెలు. కాసేపటికి ఎదురు హోటలు బోండాలు, టీ. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం బొరుగులు, మిక్చరు. మధ్యలో పాడిరైతులు అభిమానంగా తెచ్చిచ్చే వెన్న, ఉడకబెట్టిన శెనక్కాయలు, పండగ మరునాటి ఓళిగలు. అంగడి కట్టేసి ఇంటికొచ్చాక ఇంత సంగటిముద్ద, దాని మీద అన్నం. వద్దనడం ఆయనకు చేతకాదు. పెట్టినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని తినేవాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడంటారే, అచ్చంగా ఆ రకం మనిషి.

లావెక్కడాన్ని మావాళ్ళు జబ్బనుకోరు. కలిసొచ్చింది అంటారు. మా బావ మెడ కాలరు దాటి, పొట్ట గల్లాబల్లకు తగిలే నాటికి గోపాలస్వామి ఎంత మురిసిపోయాడో! "అంగడి యజమానంటే ఇట్లుండల్ల. బక్కోడి దగ్గర తవుడు కొంటే బర్రె గూడా నమ్మదు" అనేవాడు. వింటున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మా బావ కూడా పొట్ట మీద చెయ్యేసుకుని నవ్వేవాడు.

గురక సంగతి చెప్పనక్కర్లేదు. రెండిళ్ళ అవతలికి వినిపించేది. దాని మీద ఊళ్ళో ఎన్ని ఎకసెక్కాలో! ముద్దన్న పండుకుంటే కరెంటు పోయినా మిల్లు ఆడతాందని అనుకుంటారని ఒకడు, పుంగనూరు దొంగలంతా ఆ వీధి వదిలేసి పోయినారని ఇంకొకడు. ఎంత సుఖంగా నిద్రపోతాడో, పుణ్యాత్ముడు అని ముసలివాళ్ళు దిష్టి తీసేవాళ్ళు. మా అక్క మాత్రం నవ్వేది కాదు. గురక ఊరందరికీ వినిపించేది. అది ఆగిపోవడం పక్కన పడుకున్న ఆమె ఒక్కదానికే వినిపించేది.

నన్ను కుప్పంలో ఇచ్చారు. అక్క మా ఇంటికి వచ్చినప్పుడు ఒకసారి కూరగాయలు తరుగుతూ కూర్చుని ఆ సంగతి చెప్పింది.

"గురక పెట్టి పెట్టి ఉన్నట్టుండి ఆగిపోతాది మునీ. పొట్ట లేస్తాది, దిగతాది, గాలి మాత్రం రాదు. మొగం నల్లబడతాది. నేను తట్టి పక్కకు దొర్లిస్తే అప్పుడు బావిలో నుంచి లేసినోడి మాదిరి ఎగిరిపడి ఊపిరి తీస్తాడు. మళ్ళా గురక. తెల్లార్లూ నాకు ఇదే పని."

"మరి నువ్వెప్పుడు పండుకుంటావక్కా?"

"ఆయన అంగడికి పోయినాక."

వెల్లకిలా తిరిగితేనే ఎక్కువగా ఆగుతుందని ఆమె తనంతట తానే కనిపెట్టింది. సగం నింపిన తవుడు సంచి ఆయన వీపు వెనక పెట్టి, పక్కకే తిరిగి ఉండేట్టు చేసేది. పగలు పదింటికి ఆమె తలుపేసుకుని పడుకుంటే వీధిలో ఆడవాళ్ళు మొద్దునిద్ర శ్యామలమ్మ అని పేరు పెట్టారు. మొగుణ్ణి బతికించుకుంటున్నదానికి ఊరిచ్చిన బిరుదు అది. థూ!

రాత్రంతా ఊపిరి కోసం పెనుగులాడినవాడికి పగలు కళ్ళు నిలుస్తాయా? మా బావ గల్లా దగ్గరే తల వాల్చేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలోనే కునుకు తీసేవాడు. ఒకరోజు పొద్దున సోమల ఓబులప్ప వచ్చాడు. నాలుగు బర్రెలున్న రైతు. ఆయనకు తవుడు తూచడానికి మా బావే లేచాడు. తక్కెడలో తవుడు పోస్తూ నిలబడినవాడు నిలబడినట్టే నిద్రపోయాడు. చేతిలో చేట జారి తవుడంతా ఓబులప్ప కాళ్ళ మీద పడింది.

"ఏం ముద్దన్నా, పొద్దుపొద్దున్నే ఏసినట్టుండావే!" అన్నాడు ఓబులప్ప.

అంగట్లో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఉలిక్కిపడి లేచిన మా బావ, ఓబులప్ప ఏమన్నాడో అర్థం కాకపోయినా, తనూ నవ్వేశాడు. కాదప్పా, నేను తాగను అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఆ నవ్వే కొంప ముంచింది. ఓబులప్పకు పాపం ఏ దురుద్దేశమూ లేదు. వేళాకోళానికి అన్నాడు. కానీ వేళాకోళం సోమల దాకా పోయి తిరిగొచ్చేసరికి నిజమై కూర్చుంది.

2003లో, వినాయకచవితి పోయిన కొన్నాళ్ళకు, మదనపల్లె రోడ్డులో స్కూటరు మీద వస్తూ నిద్రపోయి కాలవలో పడ్డాడు. దేవుడి దయ, చెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. లేపిన నలుగురూ ముందు చేసిన పని ఏమిటో తెలుసా? దెబ్బలు చూడటం కాదు, నోరు వాసన చూడటం. వాసన రాలేదు. అయినా అందులో ఒకడు "ఈ కాలంలో వాసన రానివి గూడా వస్తాండాయప్పా" అన్నాడంట. అట్లాంటి తెలివిగలవాళ్ళు మా దగ్గర కొల్లలు.

కబురందుకుని నేను కుప్పం నుంచి బస్సెక్కి పోయాను. అక్క, గోపాలస్వామి, నేను కలిసి ఆయన్ను మదనపల్లెలో ఒక నర్సింగ్‌హోముకు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ చెయ్యికి కట్టు కట్టించి ఊరుకోలేదు. స్కూటరు మీద ఎందుకు నిద్రపోయావని గుచ్చి గుచ్చి అడిగింది. మా అక్క రాత్రుళ్ళ సంగతంతా చెప్పింది. పొట్ట తట్టి చూసి స్కానింగ్ రాసింది. రిపోర్టు చూశాక మమ్మల్ని కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"లివర్‌కు కొవ్వు పట్టింది. దీన్ని ఫ్యాటీ లివర్ అంటారు. మీరు తాగుతారా?"

"లేదమ్మా, ఆ వాసనే పడదు" అన్నాడు మా బావ.

"తాగకపోయినా వస్తుంది. ఒళ్ళు బాగా పెరిగినవాళ్ళకు లివర్‌లో కూడా కొవ్వు చేరుతుంది. మెడ చుట్టూ పెరిగిన కొవ్వు నిద్రలో గొంతును మూసేస్తుంది. అందుకే ఊపిరి ఆగిపోతోంది. రెంటికీ మూలం ఈ బరువే. బరువు తగ్గాలి. కానీ అది నెలల మీద పని, ఊపిరి అంతవరకు ఆగదు. ముందు బెంగళూరులో నిద్ర పరీక్ష చేయించండి. అశ్రద్ధ చేస్తే గుండె మీద పడుతుంది. అందాకా వెల్లకిలా పడుకోనివ్వకండి." మా అక్క వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ నువ్వు చేసిందే సరైన పనమ్మా" అంది.

మా అక్క ఏడ్చేసింది. అన్నేళ్ళలో ఆమె మాట నమ్మిన మొదటి మనిషి ఆ డాక్టరమ్మ.

ఈ మాటలు జరిగేటప్పుడు గోపాలస్వామి లోపల లేడు. బయట స్కానింగ్ గది దగ్గర కూర్చున్నాడు. అక్కడ ఎవరో ఆయనతో లివర్ దెబ్బతిందన్నారు. ఆ ఒక్క మాట చాలు. మా ఊళ్ళల్లో లివరు పోయిందంటే ఒకటే అర్థం. సారా తాగి పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయినవాళ్ళను చూసే మావాళ్ళు ఆ మాట నేర్చుకున్నారు. తాగనివాడికి లివరనేది ఒకటుంటుందనే వాళ్ళకు తెలియదు.

తిరుగు బస్సులో గోపాలస్వామి తమ్ముడి పక్కన కూర్చుని పళ్ళ బిగువున అడిగాడు. "యాడ తాగుతాండావురా?"

"నేనా? నేను తాగేదేంది అన్నా!"

"నా దగ్గర దాస్తే స్కానింగ్ దగ్గర దాగుతాదా?"

నేను ఊరుకోలేకపోయాను. "డాక్టరమ్మ తాగకపోయినా వస్తాదని చెప్పింది పెద్దబావా. కావాలంటే మళ్ళా పోయి అడుగుదాం రా" అన్నాను.

"నువ్వు ఊరుకోమ్మా. లివరు యాల చెడతాదో నాకు తెల్దా? మా మేనమామ ఎట్ల పోయినాడో దగ్గరుండి సూసినోణ్ణి. ఆయప్ప గూడా సచ్చేదాకా తాగలేదనే చెప్పినాడు."

తాగినవాడూ తాగలేదనే అంటాడు, తాగనివాడూ తాగలేదనే అంటాడు. మా బావ కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికే కునుకు పట్టి తల వాల్చేశాడు. గోపాలస్వామి నా వైపు చూసి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు.

గోపాలస్వామి చెడ్డవాడని నేననను. తమ్ముడంటే ప్రాణం. కానీ ఆయనకు తమ్ముడి ప్రాణం కన్నా పరువు ఒక పిసరు ఎక్కువ. ఊళ్ళో వర్తకులకు పెద్దమనిషి. పంచాయితీ చెప్పేవాడు. తాగుబోతు తమ్ముణ్ణి పెట్టుకుని నలుగురికి నీతులు చెప్తాండాడే అని ఎవరైనా అంటారేమోనని ఆయన బాధ.

మా ఆయన రోజూ కుప్పం నుంచి రైల్లో బెంగళూరుకు పనికి పోయొచ్చే మనిషి. ఆయన విచారించి నిద్ర పరీక్ష చేసే ఆస్పత్రి కనుక్కున్నాడు. అక్కాబావలు కుప్పం వచ్చారు. నలుగురం కలిసి పోయాం. ఆ డాక్టరు మా బావ మెడ కొలిచి, నోరు తెరిపించి గొంతు చూశాడు. ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోవాలి, ఒంటికి వైర్లు తగిలించి ఊపిరి ఎన్నిసార్లు ఆగుతుందో చూస్తాం, జబ్బు అదే అయితే ముక్కుకు తొడుక్కునే మిషను ఉంటుంది, అది గాలి ఊదుతూ గొంతు మూసుకోకుండా చూస్తుంది అన్నాడు. కార్తీకమాసంలో ఒక తేదీ ఇచ్చి పంపాడు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మా బావ మా ఆయన భుజం మీద పడి నిద్రపోయాడు. మా అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆమె మొహం అంత తేటగా ఉండటం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

"ఆ మిషను వస్తే నేను గూడా ఒక రాత్రి నిద్రపోవచ్చు కదా మునీ" అంది.

పరీక్షకు ముందురోజు వాళ్ళను పిలుచుకుపోదామని నేను పుంగనూరు పోయాను. అక్క సంచి సర్దుతోంది. అప్పుడే గోపాలస్వామి వచ్చాడు. ఆయన వెంట జయచంద్ర గురుస్వామి. ఏటేటా అయ్యప్ప మాల వేసుకుని శబరిమల పోయే పెద్దమనిషి, పుంగనూరులో సగంమందికి మాలలు వేసింది ఆయనే.

"బెంగళూరు ఇప్పుడొద్దు" అన్నాడు గోపాలస్వామి నిలబడే. "రాత్రికి ఆస్పత్రిలో పండబెట్టి వైర్లు తగిలిస్తారంటనే? తాగుడు మాన్పించే ఆస్పత్రిలో ఏస్తాండారని ఊరంతా అప్పుడే అంటాండారు. రేపు పోతే అది ఖాయమైపోతాది. ముందు మాల ఏసుకోనీ. ఎంతమంది తాగుబోతులు మాల ఏసుకుని బాగుపడలేదు!"

"తాగుబోతులు కదా బావా బాగుపడింది" అంది మా అక్క. "ఈయన తాగితే కదా మానేది?"

"తాగకపోతే మరీ మంచిది. మాలలో ఉండేవాణ్ణి తాగినాడని ఎవురూ అనరు. ఊరు నోరు మూసుకుంటాది. కొండకు పోయొచ్చినాక బెంగళూరు యాడికి పోతాది, ఆడ్నే ఉంటాది. నేనే తోడు పోతాను."

నేను గొడవ పెట్టుకున్నాను. నోటికొచ్చింది అన్నాను. ఆస్పత్రి తేదీ మళ్ళీ దొరకదన్నాను, ఆయన ప్రాణం మీద మీ పరువు ఆరబెట్టుకోవద్దన్నాను. పెళ్ళాం తరపుదాని మాట ఆ ఇంట్లో ఎంతవరకు చెల్లుతుంది? చివరికి అందరం మా బావ వైపు చూశాం.

"అంగట్లో ఎవురు నవ్వినా నన్ను చూసే నవ్వుతాండారనిపిస్తాది శ్యామలా" అన్నాడు. "కీర్తిని బళ్ళో మీ నాయన తాగుతాడంటనే అని అడిగినారంట. ఏడ్చుకుంటా వచ్చింది. ఈ మండలం రోజులు మాల ఏసుకుంటాను. ఒక్కసారి ఈ పేరు పోనీ. ఆ తర్వాత నువ్వు యాడికి రమ్మంటే ఆడికి వస్తాను."

కీర్తి వాళ్ళ కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. ఆ మాట విని మా అక్క సంచిలో సర్దిన బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది.

మాల వేసుకున్న రోజు అక్క జయచంద్ర గురుస్వామి దగ్గరికి పోయి చేతులు జోడించింది. ఈయనకు నిద్రలో ఊపిరి ఆగుతుంది, ఇంట్లోనే వేరే గదిలో పడుకోనివ్వండి, వీపు వెనక సంచి పెట్టుకోనివ్వండి, నేను వాకిట్లో కూర్చుని వింటుంటాను అని బతిమాలింది. ఆయన మంచి మనిషి. అబద్ధమెందుకు చెప్పాలి? "జబ్బుతో ఉండేవాళ్ళకు స్వామి ఏ అడ్డమూ చెప్పడమ్మా. ఇంట్లోనే మంచం మీద పండుకోనీ. అవసరమైతే నువ్వే లేపు, దోషం లేదు" అన్నాడు.

గోపాలస్వామి ఒప్పుకోలేదు. ఇంట్లో పడుకుంటే చాటుగా తాగుతున్నాడంటారు కదా! అందరూ చూసేట్టు భజన మందిరంలో, మిగతా స్వాములతో పాటు నేల మీద చాపేసుకుని పడుకుంటేనే ఊరు నమ్ముతుందన్నాడు. దేవుడు సరేనన్నదానికి ఈయన కాదన్నాడు. మందిరంలో తలగడ లేదు, తవుడు సంచి లేదు. నల్లబట్టల్లో ఆ పెద్ద ఒళ్ళు వెల్లకిలా చాప మీద. పక్కనున్న స్వాములు గురక భరించలేక చాపలు దూరం జరుపుకున్నారంట. ఊపిరి ఆగితే, అమ్మయ్య, కాసేపు ప్రాణం హాయిగా ఉంది అనుకున్నారంట. వాళ్ళకేం తెలుసు!

ఇంటికి వచ్చినప్పుడు నియమం ప్రకారం సొంత పెళ్ళాన్ని "మాతా" అని పిలిచాడు మా బావ. పిలిచి తనే సిగ్గుపడి నవ్వాడు. కళ్ళ కింద గుంటలు పడ్డాయని, కాళ్ళు వాచాయని అక్క నాకు ఫోన్లో చెప్పి ఏడ్చింది. పోనీ ఉపవాసంతో ఒళ్ళయినా తగ్గిందా అంటే అదీ లేదు. రోజూ ఎవరో ఒకరింట్లో స్వాములకు మధ్యాహ్నం భిక్ష. భిక్ష అంటే పేరుకే భిక్ష, వడలు, పాయసం, పులిహోర, నేతి అన్నం. రాత్రికి అల్పాహారమని పూరీలు, కేసరి. వద్దనడం చేతకాని మనిషి అని చెప్పానుగా. పగటినిద్ర మాలలో కూడదంటారు. కూర్చున్నచోటే ఆయన తల వాలిపోతుంటే, ఇంకా ఆ మత్తు దిగలేదు పాపం అని జనం గుసగుసలాడారు. పేరు పోతుందని మాల వేసుకుంటే, మాలలో కూడా పేరు పోలేదు.

ఇంక కొండకు బయలుదేరే రోజులు దగ్గర పడ్డాయి. గోపాలస్వామి తన ఇంట్లో స్వాములందరికీ భిక్ష పెట్టాడు. ఊళ్ళో పెద్దమనుషులను కూడా పిలిచాడు. తమ్ముణ్ణి నలుగురి ముందు కూర్చోబెట్టి చూపించుకోవాలని ఆయన తాపత్రయం. వంటకు సాయంగా నన్నూ రమ్మన్నారు. మిద్దె మీద షామియానా వేసి అక్కడే వడ్డించారు. భోజనాలయ్యాక కొందరు స్వాములు నియమం పక్కన పెట్టి అక్కడే కాసేపు నడుం వాల్చారు. మేము ఆడవాళ్ళం కింద పెరట్లో గిన్నెలు తోముతున్నాం. మా బావ గురక మిద్దె దిగి పెరట్లోకి వినిపిస్తోంది. ఒకావిడ ఏదో అంది, అందరూ కిసుక్కున నవ్వారు.

గురక ఆగింది. మా అక్క చేతిలో గిన్నె ఆగింది. తల పైకెత్తి వింది. నేను ఆమెనే చూస్తున్నాను. రావాల్సిన ఊపిరి రాలేదు. గిన్నె పడేసి, బూడిద చేతులతోనే మెట్ల వైపు పరుగెత్తింది. గోపాలస్వామి భార్య రత్నమ్మ మెట్ల దగ్గర ఆమెను పట్టుకుంది.

"యాడికి పోతావే? మాలలో ఉండే మొగుణ్ణి ముట్టుకుంటావా? పైగా మా ఇంట్లో భిక్ష. పాపం మాకు సుట్టుకుంటాది" అంది.

"వదులక్కా! ఊపిరాగింది, వదులు!" పెనుగులాడింది మా అక్క. పెళ్ళయినప్పటి నుంచి ఏనాడూ మొగుడి పేరెత్తని మనిషి "ముద్దుకృష్ణా! లేయ్! లేయ్!" అని వీధంతా వినపడేట్టు అరిచింది.

పైన మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న గోపాలస్వామి కిందికి వంగి చూశాడు. ఆ మొహంలో సంతోషం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

"ఎందుకమ్మా ఆ అరుపులు? నిద్రపోనీ. ఇన్నాళ్ళకు సుఖంగా నిద్రపోతాండాడు. స్వామి మహిమ సూడు, గురక గూడా నిలిచిపోయిండాది!"

మిగతా ఆడవాళ్ళు కూడా వచ్చి మా అక్కను పట్టుకున్నారు. నేను రత్నమ్మను ఒక్క తోపు తోసి మెట్లెక్కాను. గోపాలస్వామిని దాటుకుని పోయి మా బావను పట్టుకుని కుదిపాను. ఒక్కదాన్నే ఆ ఒంటిని పక్కకు దొర్లించలేకపోయాను. జయచంద్ర గురుస్వామి పరుగెత్తుకొచ్చి చెయ్యి వేశాడు. ఇద్దరం దొర్లించాం, తట్టాం, మొహాన నీళ్ళు కొట్టాం. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఉలుకూ పలుకూ లేదు. జీపులో వేసుకుని ఆస్పత్రికి పోతే, గుండె ఆగి చాలాసేపయిందని డాక్టరు చెప్పాడు. వెంటనే లేపి ఉంటే బతికేవాడా అని నేను అడిగాను. చెప్పలేమమ్మా, బతికి ఉండొచ్చు అన్నాడు. ఆ "ఉండొచ్చు"ను పట్టుకుని మా అక్క మిగతా జీవితం బతకాలి.

దహనానికి ముందు జయచంద్ర గురుస్వామే మెడలో మాల తీశాడు. తీస్తూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఊరు మాత్రం మర్నాటికే తేల్చేసింది. మాలలో ఉండి చాటుగా తాగినాడంట, అయ్యప్ప ఊరుకుంటాడా అని సగం మంది. తాగుడు ఉన్నట్టుండి మానేస్తే గుండె తట్టుకోలేదంట అని తెలిసినట్టు చెప్పేవాళ్ళు మిగతా సగం. తాగలేదేమో అన్న మూడో మాట ఒక్క నోటి నుంచి కూడా రాలేదు.

పెద్దకర్మ రోజు వీధికి అడ్డంగా పందిరి వేశారు. తవుడు కొనే రైతులంతా వచ్చారు. వర్తకులు వచ్చారు. విస్తళ్ళు వేసి వడ్డన మొదలుపెట్టాక గోపాలస్వామి పంక్తి మధ్యలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

"మా తమ్ముడిది అనాయాస మరణమప్పా. నిద్రలోనే సుఖంగా పోయినాడు. ఉండే ఒక్క అలవాటు గూడా స్వామి మాన్పించి, కడిగిన ముత్యం మాదిరి తీసుకుపోయినాడు" అన్నాడు.

అవునవును, అదృష్టవంతుడు అన్నారు చాలామంది. మా అక్క లోపలి గదిలో ఉంది. మొగుడు పోయిన ఆ రోజుల్లో ఆమె బయటికి రాకూడదు, నలుగురికి మొహం చూపించకూడదు. ఆమె గడప దాటి పందిట్లోకి వచ్చింది. రత్నమ్మ చెయ్యి పట్టుకోబోతే ఒక్క చూపు చూసింది. ఆ చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

"సుఖంగా పోలేదు బావా" అంది మా అక్క. గొంతు పెంచలేదు. "గొంతు పిసికినట్టు, ఊపిరి కోసం కొట్టుకుని పోయినాడు. నేను మెట్ల కింద ఉండాను. మీరు మెట్ల మీద ఉండారు. ఆయన జన్మలో తాగలేదు. తాగినాడని మీరన్నారు, మీరంతా అన్నారు. ఆ మాట పోగొట్టుకుందామనే నేల మీద పండుకుని సచ్చిపోయినాడు. ఈ పొద్దు ఆయన పేరున తింటాండారు కదా, ఒక్కరు, ఒక్కరన్నా ముద్దన్న తాగలేదని చెప్పి తినండి."

ఎవరూ తలెత్తలేదు. సోమల ఓబులప్ప చెయ్యి ఒక్కటే ముద్ద కలుపుతూ ఆగింది. నోరు తెరిచినట్టే అనిపించింది. పక్కవాడు మోచేత్తో పొడిస్తే మళ్ళీ విస్తరి వైపు వంగాడు. గోపాలస్వామి వడ్డించేవాడి వైపు తిరిగి, ఆ చివర పప్పు రాలేదు చూడమన్నాడు. పప్పు బకెట్టు పంక్తి వెంట కదిలింది. అందరూ తిన్నారు.